కప్పు కాఫీ... పేగుకి కాపలా?

ఒకప్పుడు క్యాన్సర్ తెస్తుందంటూ బోనెక్కించారు. ఇప్పుడేమో పెద్దపేగు క్యాన్సర్‌ని దూరం పెడుతుందంటున్నారు. ఇంతకీ కాఫీ మంచిదా చెడ్డదా? ఫిల్టర్‌లో డికాక్షన్ దిగేలోపు ఆ కథేంటో చదివేయండి.

పొద్దున్నే కాఫీ గొంతు దిగితే తప్ప బాత్రూము వైపు అడుగు పడనివాళ్లు ఇంటికొకరుంటారు. 'అదంతా అలవాటు, మనసులో భ్రమ' అంటూ మిగతావాళ్లు ఆటపట్టిస్తుంటారు. భ్రమేం కాదు! 1990లో బ్రిటన్‌లో పరిశోధకులు 99 మందిని అడిగితే, కాఫీ తాగగానే విరేచనానికి వెళ్లాలనిపిస్తుందని 29 శాతం మంది చెప్పారు. అంతటితో వదలకుండా కొందరి పేగులోకి సన్నటి గొట్టం పంపి, కాఫీ తాగించి మరీ కొలిచారు. అలా అనిపిస్తుందన్నవాళ్లలో 4 నిమిషాలు తిరక్కుండానే పెద్దపేగు చివరి భాగంలో కదలిక పెరిగింది. కెఫీన్ తీసేసిన కాఫీ ఇచ్చినా అంతే. ఉత్త వేణ్నీళ్లు ఇస్తే మాత్రం పేగు పట్టించుకోలేదు. తాగింది ఇంకా పొట్టలో ఉండగానే అంతదూరాన ఉన్న పెద్దపేగుకి కబురు అందుతోందన్నమాట.

మరి ఆ పెద్దపేగుకి వచ్చే క్యాన్సర్ మాటేమిటి? ప్రపంచవ్యాప్తంగా 2022లో 19 లక్షల మందికి పైగా పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల బారిన పడ్డారు. దాదాపు 9 లక్షల మంది చనిపోయారు. మనదేశంలో ఇది పాశ్చాత్య దేశాలంత ఎక్కువ లేదు. కానీ చాలా దేశాల్లో యాభై ఏళ్లలోపువాళ్లలోనూ పెరుగుతుండటమే వైద్యుల్ని కలవరపెడుతోంది. 'బ్లాక్ పాంథర్' హీరో చాడ్విక్ బోస్‌మన్ 2020లో చనిపోయింది దీంతోనే, 43 ఏళ్లకి. అందుకే, రోజూ కోట్లమంది తాగే కాఫీకి ఈ జబ్బుని ఆపే గుణం ఏ కాస్త ఉన్నా అది చిన్న విషయం కాదు.

బోనులో నిలబెట్టారు!

కాఫీకీ క్యాన్సర్‌కీ ముడిపెట్టడం ఇవాళ్టిది కాదు. 1981లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్ మెక్‌మాన్ బృందం, కాఫీ తాగేవాళ్లకి క్లోమగ్రంథి క్యాన్సర్ ముప్పు ఎక్కువని ప్రకటించింది. పెద్ద వైద్యపత్రికలో వచ్చిన వ్యాసం కాబట్టి కాఫీప్రియుల గుండెల్లో రాయి పడింది. తర్వాత తీరిగ్గా తరచి చూస్తే అసలు కిటుకు బయటపడింది. క్యాన్సర్ రోగులతో పోల్చి చూడటానికి వాళ్లు ఎంచుకున్నవాళ్లు కూడా ఆసుపత్రుల్లో ఉన్న రోగులే. చాలామంది అవే డాక్టర్ల దగ్గరికి పొట్ట జబ్బులతో వచ్చినవాళ్లు. కడుపులో మంట, పుండు ఉన్నవాళ్లు కాఫీ తగ్గించేస్తారు కదా! కాఫీ మానేసినవాళ్ల పక్కన నిలబెడితే మామూలుగా తాగేవాళ్లూ కాఫీరాయుళ్లలాగే కనిపిస్తారు. 1986లో అదే బృందం మళ్లీ పరిశీలించి, మొదట చెప్పినంత సంబంధం కనిపించలేదని తేల్చింది.

ఈ కిటుకుని కాస్త గుర్తుపెట్టుకోండి. పెద్దపేగు కథలో ఇదే తిరగబడి మళ్లీ ఎదురవుతుంది.

1991లో ఇంకో దెబ్బ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, మూత్రాశయ క్యాన్సర్‌కి కాఫీ కారణం కావచ్చంటూ దాన్ని అనుమానితుల జాబితాలో చేర్చింది. చిత్రమేంటంటే, కాఫీ తాగేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా ఉన్నట్టు కొంత ఆధారం ఉందని అదే నివేదికలో రాసింది. జనానికి గుర్తుండిపోయింది మాత్రం మొదటి మాటే. పాతికేళ్ల తర్వాత, 2016లో 23 మంది శాస్త్రవేత్తలు వెయ్యికి పైగా అధ్యయనాల్ని తిరగేసి ఆ ముద్ర చెరిపేశారు. పాత అధ్యయనాల్లో కాఫీతోపాటు సిగరెట్టూ కాల్చినవాళ్ల లెక్క సరిగ్గా విడదీయలేదని అప్పటికి అర్థమైంది. పైగా కాలేయ క్యాన్సర్, గర్భాశయం లోపలి పొరకి వచ్చే క్యాన్సర్ కాఫీ తాగేవాళ్లలో తక్కువగా ఉంటున్నాయనీ గుర్తించారు. అన్నట్టు, ఆ సమావేశంలోనే ఇంకో సంగతీ తేల్చారు. కాఫీ అయినా టీ అయినా 65 డిగ్రీలకి మించిన వేడితో గొంతులో పోసుకుంటే అన్నవాహిక క్యాన్సర్‌కి దారితీసే అవకాశం ఉందట. పొగలు కక్కుతుండగానే గటగటా తాగేసే వీరులు కాస్త ఊదుకుని తాగడం మేలు.

మెంతులకి చుట్టమే!

కాఫీని ఎవరూ ఒక పదార్థంగా చూడరు. అందులో వెయ్యికి పైగా రసాయనాలుంటాయి. వాటిలో పేగుని కాపాడేది ఏది? ఈ ప్రశ్న పట్టుకుని జర్మనీలో థామస్ హాఫ్‌మన్, వెరోనికా సొమొజా తదితరులు చేసిన పరిశోధన 2003లో వెలుగులోకి వచ్చింది. హాఫ్‌మన్ అప్పట్లో మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో ఆహార రసాయన విభాగానికి అధిపతి. వాళ్లు కాఫీని భాగాలు భాగాలుగా విడగొట్టి, ప్రయోగశాలలో పెంచిన మనిషి పేగు కణాల మీద ఒక్కో భాగాన్నీ ప్రయోగించి చూశారు. ఏ భాగం పనిచేసిందో దాన్ని మళ్లీ విడగొట్టారు. అలా జల్లెడ పడుతూ పోతే చివరికి దొరికిన పదార్థం ఎన్-మిథైల్‌పిరిడినియం.

పేరు నోరు తిరగదు కానీ పుట్టుక మాత్రం ఆసక్తికరం. పచ్చి కాఫీ గింజలో ఇది ఉండదు. గింజని వేయించేటప్పుడు అందులోని ట్రైగొనెలిన్ అనే పదార్థం నుంచి పుడుతుంది. ఈ ట్రైగొనెలిన్‌కి ఆ పేరు ఎక్కణ్నుంచి వచ్చిందనుకున్నారు? మన పోపులపెట్టెలోని మెంతుల నుంచి! మెంతి మొక్క శాస్త్రీయనామంలో మొదటి మాట ట్రైగొనెల్లా. మెంతుల్లోనూ ఈ పదార్థం ఉంటుంది. అలాగని మెంతిపొడి వేణ్నీళ్లలో కలుపుకుని తాగితే కాఫీకి సమానం అనుకోకండి, ఈ పరిశోధన జరిగింది కాఫీ మీదే.

ఇంతకీ అది చేసే పనేంటి? ఒంట్లోకి వచ్చిన విషపదార్థాల్ని మూటగట్టి బయటికి పంపడానికి మన కణాల్లో కొన్ని ఎంజైములుంటాయి. వీధిలో చెత్త ఎత్తే పారిశుద్ధ్య సిబ్బంది లాంటివి. క్యాన్సర్‌కి బీజం వేసే పదార్థాల్నీ అవి ఎత్తిపారేస్తాయి. హాఫ్‌మన్ బృందం కనిపెట్టిన పదార్థం ఆ సిబ్బందిని చురుగ్గా మారుస్తోంది. పేగు కణాల్లోనే కాదు, ఎలుకలకి సుమారు రెండు వారాలపాటు ఆహారంలో కలిపి పెట్టినప్పుడూ అదే కనిపించింది. గింజ ఎంత ముదురుగా వేగితే ఈ పదార్థం అంత ఎక్కువ. కాబట్టి మధ్యస్థంగా వేయించిన పొడి కన్నా ఎస్‌ప్రెసో లాంటి చిక్కటి కాఫీలో రెండుమూడు రెట్లు ఎక్కువగా ఉంటుందన్నారు. ఎన్ని కప్పులు తాగితే మనిషికి మేలు జరుగుతుందన్నది మాత్రం మనుషుల మీద పరీక్షిస్తేనే తేలుతుందని ఆయనే చెప్పారు.

ఇక్కడో తిరకాసుంది. కాఫీలో పేరుపడ్డ మరో మంచి పదార్థం క్లోరోజెనిక్ ఆమ్లం. కణాలు తుప్పుపట్టకుండా కాపాడే యాంటీ ఆక్సిడెంట్ గుణం దీనిది. ఇది పచ్చి గింజలోనే ఎక్కువ. వేయించేకొద్దీ తగ్గిపోతుంది. నల్లగా మాడేదాకా వేయిస్తే మిగిలేది కొంచెమే. అంటే పొయ్యి మీద ఒకటి పెరుగుతుంటే మరొకటి హరించుకుపోతుంది! 'లేత వేపుడా, ముదురు వేపుడా... ఏది ఆరోగ్యం?' అనే ప్రశ్నకి సూటిగా జవాబు దొరకనిది అందుకే.

క్లోరోజెనిక్ ఆమ్లం సంగతిలో నెదర్లాండ్స్ పరిశోధకులు చేసిన ఓ ప్రయోగం చెప్పుకోవాలి. తాగినదంతా చిన్నపేగులోనే రక్తంలోకి ఇంకిపోతే పెద్దపేగుకి ఏం మిగులుతుంది? దీన్ని తెలుసుకోవడానికి వాళ్లు శస్త్రచికిత్సలో పెద్దపేగు తీసేసిన ఏడుగురి సాయం తీసుకున్నారు. వాళ్లకి చిన్నపేగు చివర పొట్టకి అమర్చిన సంచిలోకి తెరుచుకుంటుంది. మామూలు మనుషుల్లో పెద్దపేగుకి చేరాల్సినదంతా ఆ సంచిలో పడుతుంది. 2001లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, క్లోరోజెనిక్ ఆమ్లంలో ఒంటికి పట్టింది మూడోవంతే. మిగతా రెండువంతులూ పెద్దపేగు దాకా ప్రయాణం చేస్తున్నాయి. అక్కడ కాచుకుని ఉండే బ్యాక్టీరియా దాన్ని ముక్కలు చేసి తమకి కావలసింది తీసుకుంటుంది. వేపుడులో పుట్టే ముదురు గోధుమరంగు పదార్థాలు, మెలనాయిడిన్లు, అవీ పీచుపదార్థంలాగే అరక్కుండా అక్కడికే చేరతాయి. 2024లో 22 వేల మందికి పైగా మలనమూనాల సమాచారాన్ని పరిశీలిస్తే, లాసోనిబ్యాక్టర్ అనే జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి కాఫీ తాగేవాళ్లలో తాగనివాళ్ల కన్నా ఎన్నోరెట్లు ఎక్కువగా కనిపించింది. పేగులో కాపురముండే జీవుల్నే మార్చేస్తోందన్నమాట కాఫీ!

జనం లెక్కలేమంటున్నాయి?

ప్రయోగశాలలో అన్నీ బాగానే ఉంటాయి. అసలు పరీక్ష జనం మధ్యే. 2016లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇజ్రాయెల్ పరిశోధకులు కలిసి ఓ అధ్యయనం ప్రచురించారు. ఇజ్రాయెల్‌లో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ వచ్చిన 5 వేల మందికి పైగా రోగుల్నీ, జబ్బు లేని 4 వేలమందినీ కాఫీ అలవాట్ల గురించి అడిగారు. రోజుకి ఒకటి రెండు కప్పులు తాగేవాళ్లలో ముప్పు 26 శాతం తక్కువ. రెండున్నర దాటినవాళ్లలో 50 శాతం దాకా తక్కువ. కెఫీన్ ఉన్నా లేకపోయినా ఒకటే తీరు!

వినగానే ఇంకో కప్పు కలుపుకోవాలనిపిస్తుంది. కాస్త ఆగండి. ఇందాకటి కిటుకు గుర్తుందిగా? పెద్దపేగులో కణితి పెరుగుతున్నవాళ్లకి జబ్బు బయటపడకముందే పొట్టలో ఏదో తేడాగా ఉంటుంది. వాళ్లు మెల్లగా కాఫీ తగ్గించేసి ఉండొచ్చు. అప్పుడు కాఫీ తగ్గడం వల్ల క్యాన్సర్ వచ్చినట్టు కనిపిస్తుంది కానీ, జరిగింది తలకిందులు. 1981లో కాఫీని అన్యాయంగా దోషిని చేసిన పొరపాటే ఇక్కడ దాన్ని అన్యాయంగా దేవుణ్ని చేసే ప్రమాదముంది.

దీనికి విరుగుడు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల అలవాట్లు ముందే రాసిపెట్టుకుని ఏళ్ల తరబడి గమనించడం. 1998లో హార్వర్డ్‌కి చెందిన ఎడ్వర్డ్ జియోవనూచి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే, రోగుల్ని వెనక్కి అడిగిన అధ్యయనాల్లో కాఫీకి మంచి మార్కులు పడ్డాయి. ముందునుంచీ గమనించిన అధ్యయనాల్లో మాత్రం తేడా దాదాపు కనిపించలేదు. 2005లో అమెరికాలోని నర్సుల్నీ, వైద్యరంగంలోని మగవాళ్లనీ దీర్ఘకాలం గమనించిన అధ్యయనాలూ మామూలు కాఫీకి ఏ సంబంధం లేదనే చెప్పాయి. అయితే 2012లో వచ్చిన మరో పెద్ద అధ్యయనం మళ్లీ ఆశ రేపింది. దాదాపు 4 లక్షల 90 వేలమంది అమెరికన్లని పదేళ్లకి పైగా గమనిస్తే, రోజుకి నాలుగైదు కప్పులు తాగేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ 15 శాతం, ఆరు దాటినవాళ్లలో 26 శాతం తక్కువగా ఉంది. లాభం ఉండొచ్చు, అది ఇజ్రాయెల్ లెక్క చెప్పినంత గొప్పగా మాత్రం ఉండకపోవచ్చు. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి కూడా కాలేయం విషయంలో కాఫీకి మంచి మాట చెప్పింది కానీ, పెద్దపేగు విషయంలో ఏ నిర్ణయానికీ రాలేమనే అంది.

ఇప్పటికే జబ్బు వచ్చినవాళ్ల సంగతి ఇంకాస్త ఆసక్తికరం. మూడోదశ పెద్దపేగు క్యాన్సర్‌కి చికిత్స పొందిన 953 మందిని గమనించిన అమెరికన్ పరిశోధకులు, రోజుకి నాలుగు కప్పులు, అంతకుమించి తాగేవాళ్లలో జబ్బు తిరగబెట్టడం, మరణం కలిపి 42 శాతం తక్కువగా ఉన్నాయని 2015లో చెప్పారు. 2024లో నెదర్లాండ్స్‌లో 1,719 మంది రోగుల్ని గమనించినప్పుడూ నాలుగు కప్పులు దాటినవాళ్లలో తిరగబెట్టడం 32 శాతం తక్కువ. అయినా ఇవన్నీ గమనించి చెప్పినవే. కొందరికి కాఫీ ఇచ్చి, కొందరికి ఇవ్వక తేల్చినవి కావు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే కాఫీ ఎక్కువగా తాగగలిగి ఉండొచ్చు కూడా.

అలా ఇచ్చీ ఇవ్వకా చేసిన పరీక్ష ఒకటుంది, అయితే దాని ఉద్దేశం వేరు. పెద్దపేగు శస్త్రచికిత్స తర్వాత పేగులు కొన్నాళ్లు మొరాయిస్తాయి. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో అలాంటి 80 మంది రోగుల్లో సగం మందికి రోజుకి మూడుసార్లు వంద మిల్లీలీటర్ల కాఫీ, మిగతావాళ్లకి అంతే నీళ్లు ఇచ్చారు. నీళ్లు తాగినవాళ్లకి మొదటి విరేచనం సగటున 74 గంటలకి అయితే, కాఫీ తాగినవాళ్లకి 60 గంటలకే అయింది. 2012లో వచ్చిన ఈ ఫలితం తర్వాత ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి కాఫీ ఇవ్వడం తప్పేం కాదని సర్జన్లకి ధైర్యమొచ్చింది.

మన గ్లాసు వేరు!

ఈ లెక్కల్ని మన వంటింటికి తెచ్చుకునేటప్పుడు జాగ్రత్తపడాలి. అమెరికా వాళ్ల కప్పంటే దాదాపు 240 మిల్లీలీటర్లు, అందులో ముప్పాతికకి పైగా కాఫీనే. మన గ్లాసులో డికాక్షన్ అడుగున కాస్త, ఆపైనంతా పాలు. ఆ డికాక్షన్‌లోనూ మొత్తం కాఫీ కాదు. మనదేశంలో కాఫీపొడిలో 49 శాతం దాకా చికోరీ కలపొచ్చని చట్టమే అనుమతిస్తోంది. చికోరీ ఓ మొక్క వేరు. చిక్కదనం, రంగు, చేదు ఇస్తుంది కానీ కెఫీన్ ఉండదు. పొడి ప్యాకెట్ మీద ఆ శాతం ముద్రించి ఉంటుంది, ఓసారి తిప్పి చూడండి. అచ్చంగా కాఫీ కావాలనుకునేవాళ్లకి మన అరకు లోయ అరబికా ఉండనే ఉంది. గిరిజన రైతులు పండించే ఆ గింజకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

పాలు కలిస్తే అంతా పాడైపోతుందని బెంగపడక్కర్లేదు. పాలలోని కాల్షియం పెద్దపేగుకి మంచిదనడానికి ఆధారాలు బలంగానే ఉన్నాయి, ఆ మాటకొస్తే కాఫీ కన్నా బలంగా! భయపడాల్సింది పంచదారకి. గ్లాసుకి రెండు చెంచాలు, రోజుకి నాలుగు గ్లాసులు... లెక్క వేసుకోండి. రోజంతా కలిపి ఆరు చెంచాలు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. స్థూలకాయం పెద్దపేగు క్యాన్సర్‌కి తేలిన కారణాల్లో ఒకటి. క్యాన్సర్‌కి విరుగుడని కాఫీ పెంచి, దాంతోపాటు నడుము పెంచుకుంటే ఏం లాభం!

కెఫీన్ మోతాదు ఆరోగ్యవంతులకి రోజుకి 400 మిల్లీగ్రాములు, గర్భిణులకి 200 మిల్లీగ్రాములు దాటకూడదని ఐరోపా ఆహారభద్రతా సంస్థ సూచన. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు భోజనం చేస్తూనో, చేయగానేనో కాఫీ తాగితే అన్నంలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. ఓ గంట ఆగి తాగడం మంచిది. కాఫీ గింజలోని నూనె పదార్థాలు, కాఫెస్టాల్, కావియోల్, జంతువుల మీద ప్రయోగాల్లో క్యాన్సర్‌ని అడ్డుకున్నట్టు కనిపించినా మనుషుల్లో చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతాయి. కాగితం ఫిల్టర్ వాటిని పట్టేస్తుంది. పొడిని నీళ్లలో వేసి మరిగించి తాగే అలవాటున్నవాళ్లకి అవి ఎక్కువగా చేరతాయి.

ఇక, కాఫీని నోటితో కాకుండా మలద్వారం గుండా ఎక్కించే 'కాఫీ ఎనిమా' ఒకటి ప్రకృతి వైద్యం పేరుతో ప్రచారంలో ఉంది. క్యాన్సర్ తగ్గిస్తుందంటారు. తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు. ప్రాణం తీస్తుందనడానికి మాత్రం ఉంది. ఒంట్లో లవణాల సమతూకం దెబ్బతిని అమెరికాలో ఇద్దరు చనిపోయిన ఉదంతం 1980లోనే వైద్యపత్రికకెక్కింది.

మొలలే అనుకోవద్దు

పెద్దపేగు క్యాన్సర్‌కి కాఫీ కన్నా ఎంతో గట్టిగా రుజువైన శత్రువులు వేరే ఉన్నాయి. పీచు, పొట్టుతో ఉన్న ధాన్యాలు, నడక. మిత్రులూ ఉన్నాయి. మద్యం, పొగాకు, ఊబకాయం, నిల్వచేసిన మాంసం. అన్నిటికన్నా పెద్ద మిత్రుడు మన మొహమాటం! మలంలో రక్తం పడితే 'వేడి చేసింది' అనో, 'మొలలే కదా' అనో నెలల తరబడి సరిపెట్టుకుంటారు. విరేచనం తీరు ఉన్నట్టుండి మారి వారాల తరబడి అలాగే ఉండటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత మందులు వాడినా తిరిగి రావడం... ఇవన్నీ డాక్టరుకి చెప్పాల్సినవే. ఇంట్లో తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండానే అడగాలి. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్లు దాటిన అందరినీ పరీక్ష చేయించుకోమంటున్నారు. మనదేశంలో ప్రభుత్వ కార్యక్రమం నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే ఉంది కాబట్టి ఈ విషయంలో ఎవరికివారే చొరవ తీసుకోవాలి.

ఈ క్యాన్సర్ చాలావరకు పేగు లోపలి గోడ మీద పాలిప్ అనే చిన్న పిలకగా మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. కొలనోస్కోపీలో ఆ పిలక కనపడితే అప్పటికప్పుడే తీసేయొచ్చు. పేగు శుభ్రంగా ఉండాలి కాబట్టి పరీక్షకి ముందురోజు అన్నం, కూరలు తిననివ్వరు. నీళ్లు, పలచటి రసాలతోనే గడపాలి. కాఫీ లేకపోతే తలనొప్పి వచ్చేవాళ్లు మాత్రం కంగారుపడక్కర్లేదు. పాలు కలపని డికాక్షన్ తాగడానికి చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు.